మొదటిసారి గ్వాంగ్‌జౌ: ఏప్రిల్ కాంటన్ ఫెయిర్‌కి వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

గోదారిగట్టు (రాజమండ్రి) | ఫిబ్రవరి 21, 2026
అందరికీ నమస్కారం. మాది రాజమండ్రిలో స్టీలు సామాన్లు, ప్లాస్టిక్ సామాన్ల షాపు. నాన్నగారి రోజుల నుంచీ సరుకంతా హైదరాబాద్ బేగంబజార్ నుంచే. మేం తెచ్చుకునే వాటిలో చైనా సరుకే ఎక్కువ. ఈసారి నేరుగా చైనాకే, గ్వాంగ్‌జౌలో జరిగే కాంటన్ ఫెయిర్ అనే పెద్ద వ్యాపార ప్రదర్శనకి వెళ్లి చూద్దామని నిర్ణయించుకున్నాం. ఐఈసీ (దిగుమతి, ఎగుమతులకి కావాల్సిన కోడ్) తీసుకున్నాం, జీఎస్టీ ఎటూ ఉంది. మా ఆవిడ కూడా వస్తోంది, షాపు లెక్కలు, కొనుగోళ్లు చూసేది తనే.

మనసులో ఉన్న సరుకు: ఫ్లాస్కులు, స్టీలు వాటర్ బాటిళ్లు, వంటింటి ర్యాకులు, సర్దుకునే డబ్బాలు. పెద్ద కంటైనర్ నింపేంత పెట్టుబడి లేదు.

ఫెయిర్ మూడు విడతల్లో దేనికి వెళ్లాలి? ఏజెంటు లేకుండా కుదురుతుందా? డబ్బు ఎలా పంపాలి? ఇద్దరం శాకాహారులం, తిండి సంగతేంటి? ఇంట్లో పెద్దవాళ్లకి చాలా టెన్షన్‌గా ఉంది, కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

పెర్ల్‌నది పద్మ (గ్వాంగ్‌జౌ) | ఫిబ్రవరి 21
నేను ఇక్కడే ఉంటాను, సరుకు కొనేవాళ్ల తరఫున ఫ్యాక్టరీలు చూడటం, తనిఖీలు చేయించడం నా పని. మీకు కావాల్సింది రెండో విడత, ఏప్రిల్ 23 నుంచి 27 వరకు. ఇంటి సామాన్లు, గిఫ్టులు, ఫర్నిచర్ అందులోనే వస్తాయి. 15 నుంచి 19 వరకు జరిగే మొదటి విడతలో ఎలక్ట్రానిక్స్, యంత్రాలు, హార్డ్‌వేర్ ఉంటాయి. మే 1 నుంచి 5 వరకు బట్టలు, బొమ్మలు, చెప్పులు. ఒక విడత అయ్యాక స్టాళ్లన్నీ పీకేసి కొత్తవి కడతారు, అందుకే మధ్యలో ఖాళీ రోజులు. తేదీ తప్పితే మీ సరుకు అమ్మేవాళ్లు అక్కడ ఉండరు.

ఫెయిర్ వెబ్‌సైట్లో ముందే రిజిస్టర్ చేసుకోండి, విదేశీ కొనుగోలుదారులకి ఉచితం. ఆహ్వాన పత్రం అక్కడే వస్తుంది, వ్యాపార పనుల మీద వెళ్లేవాళ్లకి ఇచ్చే ఎం వీసాకి అది పనికొస్తుంది. హైదరాబాద్‌లో చైనా కాన్సులేట్ లేదు కాబట్టి వీసాకి తగినంత టైమ్ పెట్టుకోండి. మార్చి రెండో వారం దాటనివ్వొద్దు.

ఫెయిర్ జరిగేది పజౌలో, నది దక్షిణపు ఒడ్డున. మెట్రో 8వ లైన్లో షింగాంగ్‌డాంగ్, పజౌ స్టేషన్లు దానికోసమే అన్నట్టు ఉంటాయి. ఆ రోజుల్లో చుట్టుపక్కల హోటళ్ల రేట్లు ఆకాశంలో ఉంటాయి. 8వ లైన్ మీదే నాలుగైదు స్టేషన్ల అవతల గది తీసుకోండి, చాలా మిగులుతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. ఫెయిర్ ఐదు రోజులే చూసుకుని టికెట్ తీసుకోకండి. అసలు పని ఫెయిర్ తర్వాత ఉంటుంది. స్టాల్లో నచ్చిన ఇద్దరు ముగ్గురిని ఎంచుకుని వాళ్ల ఫ్యాక్టరీకి వెళ్లి చూడటానికి ఇంకో నాలుగైదు రోజులు ఉంచుకోండి. స్టాల్లో కూర్చున్నవాళ్లందరికీ సొంత ఫ్యాక్టరీ ఉండదు, చాలామంది ట్రేడింగ్ కంపెనీలవాళ్లు. వాళ్ల దగ్గర కొనడం తప్పేమీ కాదు. కానీ ఎవరి దగ్గర కొంటున్నామో తెలిసి కొనాలి.

విశాఖ క్లియరింగ్ (విశాఖపట్నం) | ఫిబ్రవరి 21
గోదారిగట్టు గారూ, టికెట్ తీసుకోకముందే ఇది చదవండి. నేను కస్టమ్స్ బ్రోకర్ని.

మీరు రాసిన జాబితాలో మొదటి రెండూ, అంటే ఫ్లాస్కులు, స్టీలు వాటర్ బాటిళ్లు, క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ల (క్యూసీఓ, అంటే నాణ్యత ప్రమాణాలు తప్పనిసరి చేసే ప్రభుత్వ ఉత్తర్వులు) కిందికి వస్తాయి. ఐఎస్ఐ మార్కు లేకుండా మన దేశంలోకి రావు. స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకీ 2024 నుంచి ఇదే పరిస్థితి. ఆ మార్కు వేసే లైసెన్సు తీసుకోవాల్సింది మీరు కాదు, అక్కడి ఫ్యాక్టరీ. మన బీఐఎస్ (ఐఎస్ఐ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) వాళ్ల విదేశీ తయారీదారుల స్కీమ్ కింద దరఖాస్తు చేసుకుని, ఫ్యాక్టరీ తనిఖీ పూర్తయ్యాక తెచ్చుకోవాలి. "సర్టిఫికెట్ ఉంది, ఉంది" అని స్టాల్లో చెప్పేస్తారు. వాళ్లు చూపించేది యూరప్‌దో అమెరికాదో అయి ఉంటుంది. అది ఇక్కడ చెల్లదు. లైసెన్సు నంబర్ అడిగి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, అక్కడికక్కడే తేలిపోతుంది.

లైసెన్సు లేని సరుకు పోర్టుకి వచ్చాక ఎవరూ ఏమీ చేయలేరు. వెనక్కి పంపాలి, లేదా ధ్వంసం చేయించాలి. ఈలోగా డెమరేజ్, డిటెన్షన్ (సరుకు పోర్టులో ఉన్నందుకూ, కంటైనర్ తిరిగివ్వనందుకూ పడే చార్జీలు) రోజురోజుకీ పెరుగుతాయి. సరుకు ఖరీదు కన్నా ఆ బిల్లు ఎక్కువైన కేసులు నా చేతుల మీదుగా వెళ్లాయి. పాపం వాళ్లంతా మీలాంటి మంచి వ్యాపారులే.

బొమ్మలైతే అసలు ఆలోచన పెట్టుకోకండి. 2021 జనవరి నుంచి ఐఎస్ఐ తప్పనిసరి, పైగా సుంకం 20 శాతం ఉన్నది 2020లో 60కి, 2023లో 70కి పెరిగింది. కరెంటుతో నడిచేవి ఏవైనా బీఐఎస్ ఉందో లేదో చూడాల్సిందే. బ్లూటూత్ ఉంటే డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ పరికరాలకి అనుమతిచ్చే కేంద్ర విభాగం) అనుమతి కూడా కావాలి.

ప్రతి వస్తువుకీ హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్ లెక్కలో వస్తువు రకాన్ని చెప్పే నంబర్) రాసుకుని, మీ బ్రోకర్ దగ్గర కూర్చుని, సుంకం ఎంత, క్యూసీఓ ఉందా లేదా అన్నది ఒక కాగితం మీద పెట్టుకున్నాకే విమానం ఎక్కండి.

గోదారిగట్టు | ఫిబ్రవరి 22
చాలా థ్యాంక్స్ అండి. ఈ సంగతి బేగంబజార్‌లో ఎవరూ చెప్పలేదు. ఫ్లాస్కులు, బాటిళ్లు జాబితాలోంచి తీసేశాం. ర్యాకులు, డ్రాయర్ ఆర్గనైజర్లు, బట్టల హ్యాంగర్లు, సింకు దగ్గర పెట్టుకునే స్టాండ్లు, బాత్రూమ్ షెల్ఫులు ఉంచాం. రేపు బ్రోకర్ దగ్గరికి వెళ్తున్నాం.

బేగంబజార్ సాయి (హైదరాబాద్) | ఫిబ్రవరి 22
అన్నా, బేగంబజార్‌లో చెప్పలేదంటే చెప్పరు, అది వాళ్ల అన్నం కదా. నేను చెప్తాను. మా షాపు అక్కడే.

నా సలహా వేరే. మొదటిసారి ఫెయిర్‌కి వెళ్లకండి, యీవూకి (చైనాలోనే ఇంకో ఊరు, చిన్న చిన్న సరుకుల పెద్ద హోల్‌సేల్ మార్కెట్ ఉండేది అక్కడ) వెళ్లండి. ఫెయిర్‌లో ఒక్కో డిజైన్‌కి వెయ్యి పీసులు, రెండు వేల పీసులు అంటారు. యీవూలో మార్కెట్ ఏడాది పొడవునా ఉంటుంది, ఒక్కో రకం రెండు మూడు కార్టన్లు కూడా ఇస్తారు. చిన్న షాపుకి అదే నయం.

ఇక ఏజెంటు కచ్చితంగా కావాలి. మాకు ఒక సరఫరాదారు శాంపిల్ ఒకటి చూపించి సరుకు ఒకటి పంపాడు. స్టీలు వైరు ర్యాకులు. శాంపిల్ చేతిలో పట్టుకుంటే బరువు తెలిసేది. వచ్చిన సరుకులో వైరు సన్నబడింది, పూత గోటితో గీకితే లేచిపోయింది. కార్టన్ ఐదు పొరలది అని రాసుకున్నాం, వచ్చింది మూడు పొరలది. కింది వరస మొత్తం నలిగిపోయింది. డబ్బు అప్పటికే మొత్తం వెళ్లిపోయింది. వీచాట్‌లో మెసేజ్ పెడితే పువ్వుల బొమ్మ పంపాడు తప్ప పైసా వెనక్కి రాలేదు.

పెర్ల్‌నది పద్మ | ఫిబ్రవరి 22
సాయి తమ్ముడూ, యీవూ మంచిదే, కాదనను. కానీ గోదారిగట్టు గారు అడుగుతున్నవి పౌడర్ కోటింగ్ ర్యాకులు, షెల్ఫులు. అవి తయారయ్యే ఊళ్లు మా గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో బోలెడు. ఫోషాన్ ఇక్కణ్ణుంచి మెట్రోలోనే వెళ్లిపోవచ్చు. షుండే, ఝోంగ్‌షాన్ కారులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఫ్యాక్టరీ నేల మీద నిలబడి చూసే అవకాశం యీవూ మార్కెట్ షాపులో ఉండదు. కనీస ఆర్డర్ సంగతి కూడా బేరమాడొచ్చు. వాళ్ల దగ్గర స్టాకులో ఉన్న రంగు, స్టాకులో ఉన్న అట్టపెట్టె తీసుకుంటే వెయ్యి అన్నది మూడు వందలకి దిగుతుంది. మీ బ్రాండు పేరు ముద్రించాలంటేనే ఎక్కువ అడుగుతారు.

నీకు జరిగిన నష్టం ఏజెంటు లేకపోవడం వల్ల కాదు, తనిఖీ లేకుండా 70 శాతం కట్టడం వల్ల. ఇక్కడ మామూలు పద్ధతి ముందు 30 శాతం, లోడింగ్‌కి ముందు మిగిలిన 70. ఆ రెండింటి మధ్యలోనే కొనేవాడి చేతిలో బలం ఉండేది. సరుకు తయారై కార్టన్లలో పెట్టాక, 70 కట్టకముందు, బయటి తనిఖీ సంస్థ మనిషిని పంపండి. రోజు కూలి కట్టించుకుంటారు, పెద్ద ఖర్చు కాదు. తనిఖీకి వెళ్లినప్పుడు నేను చేయించే పని చెప్తాను. ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చిన కార్టన్ తెరవం. గుట్ట మధ్యలోంచి, కింది నుంచి మేమే ఎంచుకుంటాం. మైక్రోమీటర్‌తో వైరు మందం, తూకం మీద పీసు బరువు, బ్లేడుతో గళ్లు గీసి టేపు అంటించి లాగి పూత పరీక్ష. చివరికి ఒక కార్టన్ ఎత్తు నుంచి మూలల మీద వదిలేసి చూస్తాం. ఇవన్నీ చేస్తామని వాళ్లు ముందుగా ఇచ్చే బిల్లు, అంటే ప్రొఫార్మా ఇన్వాయిస్‌లోనే రాయించుకోవాలి. వైరు ఎన్ని మిల్లీమీటర్లు, పీసు ఎన్ని గ్రాములు, కార్టన్ ఎన్ని పొరలు అని అంకెల్లో ఉండాలి. "మంచి క్వాలిటీ" అని రాస్తే దానికి అర్థం లేదు. ఒప్పుకున్న శాంపిల్ మీద ఇద్దరూ సంతకం చేసి ఒకటి మీరు ఉంచుకోండి, ఒకటి వాళ్ల దగ్గర.

కాంట్రాక్టు మీద కంపెనీ ఎర్ర ముద్ర ఉండాలి. ఇక్కడ సంతకం కన్నా ఆ ముద్రకే విలువ. ప్రతి కంపెనీకీ 18 అక్షరాల, అంకెల కోడ్ ఉంటుంది. అది అడిగి తీసుకుంటే కంపెనీ ఎప్పుడు పెట్టారో, ఏ వ్యాపారానికి రిజిస్టర్ అయిందో ప్రభుత్వ వెబ్‌సైట్లో కనిపిస్తుంది.

ఏజెంటు కమిషన్ మీ దగ్గర ఒకటి, ఫ్యాక్టరీ దగ్గర ఇంకొకటి తీసుకునేవాళ్లున్నారు. నేనూ ఇదే పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నాను, ఎవరిని పెట్టుకున్నా ఫ్యాక్టరీతో మీరు నేరుగా ఒక్కసారైనా మాట్లాడండి. మాట్లాడనివ్వని ఏజెంటుని వదిలేయండి.

మిర్చియార్డు (గుంటూరు) | ఫిబ్రవరి 23
అందరూ కొనడం గురించే మాట్లాడుతున్నారు. మేం అమ్మడానికి వెళ్తాం. తేజ రకం మిర్చికి చైనా పెద్ద కొనుగోలుదారు. కూరల్లోకీ వాడతారు, ఘాటు, రంగు తీసే ఓలియోరెసిన్ ఫ్యాక్టరీలకీ వెళ్తుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌వాళ్లు కూడా చైనా బాటే పడతారు. వాళ్లది ఎక్కువ షియామెన్ వైపు.

డబ్బు విషయంలో ఒక జాగ్రత్త. బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపే టీటీ తప్ప ఇంకే దారీ వద్దు. వీచాట్‌లో పంపండి, ఇక్కడ మా మనిషికి రూపాయల్లో ఇవ్వండి అంటే ఒప్పుకోకండి. మీరు పంపిన ప్రతి డాలర్‌కీ తర్వాత బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ దిగుమతి పత్రం) బ్యాంకులో చూపించాలి. రెండోది, ఇన్వాయిస్ విలువ తగ్గించి వేస్తాం అంటారు, అదేదో మర్యాద చేస్తున్నట్టు. కస్టమ్స్‌వాళ్లు దొరకబుచ్చుకుంటే పెనాల్టీ మీకే. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: "మా బ్యాంకు ఆడిట్‌లో ఉంది, ఈసారి ఈ కొత్త ఖాతాకి పంపండి" అని మెయిల్ వస్తే డబ్బు ఆపేయండి. వాళ్ల మెయిల్ హ్యాక్ చేసి ఇలా పంపేవాళ్లున్నారు. వీడియో కాల్ చేసి, మీకు తెలిసిన మొహం చూసి, ఖాతా నంబర్ నోటితో చెప్పించుకున్నాకే పంపండి. ఖాతా పేరు, ఇన్వాయిస్ మీద కంపెనీ పేరు ఒక్కటే అయి ఉండాలి.

బేగంబజార్ సాయి | ఫిబ్రవరి 23
పద్మక్కా, తనిఖీ మాట ఒప్పుకుంటాను. యీవూ మాట మాత్రం వదలను. పది రకాలు తలా కొంచెం తెచ్చి ఏది కదులుతుందో చూసుకున్నాక ఫ్యాక్టరీకి వెళ్లడం చిన్న షాపుకి మంచిది. అన్న ఊళ్లో గ్రే కలర్ షెల్ఫ్ నడుస్తుందో తెల్లది నడుస్తుందో ఫోషాన్‌వాళ్లకి ఏం తెలుసు?

విశాఖ క్లియరింగ్ | ఫిబ్రవరి 23
సాయి గారి మాటలో న్యాయం ఉంది. కానీ పది రకాలంటే పది హెచ్ఎస్ కోడ్లు, పది చోట్ల క్యూసీఓ చూసుకోవడం. అందులో ఒక్కటి ఇరుక్కుంటే మిగతా తొమ్మిదీ దానితో పాటు ఆగుతాయి. మొదటి షిప్‌మెంట్‌లో రకాలు తక్కువ పెట్టుకోండి.

ఎల్‌సీఎల్‌లో, అంటే వేరేవాళ్ల సరుకుతో కలిపి ఒకే కంటైనర్‌లో వేస్తారు కాబట్టి ఇంకో సంగతి. చైనా వైపు "ఫ్రైట్ ఉచితం" అని కూడా కోట్ ఇస్తారు. ఆ డబ్బంతా ఇక్కడ డెస్టినేషన్ చార్జీల పేరుతో వసూలు చేస్తారు. సరుకు మీ చేతికి రావాలంటే కట్టక తప్పదు. ఎఫ్ఓబీ మీద (అక్కడ ఓడ ఎక్కించేదాకా ఖర్చు అమ్మేవాడిది) కొని, ఫార్వర్డర్ని (సరుకు రవాణా చూసేవాణ్ణి) మీరే ఇక్కడ మాట్లాడుకోండి. గ్వాంగ్‌జౌ నాన్షా పోర్టు నుంచి విశాఖకో చెన్నైకో అన్ని చార్జీలూ కలిపి క్యూబిక్ మీటర్‌కి ఎంతో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ర్యాకులు విప్పి ఫ్లాట్‌గా ప్యాక్ చేయించుకుంటే మూడో వంతు జాగాలో పట్టేవి ఉంటాయి. ఫెయిర్‌లో ధర ఎంత అని అడిగిన వెంటనే ఒక్కో కార్టన్‌కి ఎన్ని పీసులు, కార్టన్ కొలతలు ఎంత అని అడగండి.

డాక్టర్ శిరీష (తిరుపతి) | ఫిబ్రవరి 24
వ్యాపారం నాకు తెలియదు. గ్వాంగ్‌జౌలో ఎంబీబీఎస్ చదివాను, మొన్న నవంబర్‌లో మావారితో మళ్లీ వెళ్లాను. తిండి, తిరగడం నేను చెప్తాను.

విమానం: ఐదేళ్లు ఆగిపోయిన నేరు సర్వీసులు 2025 అక్టోబర్ 26న కోల్‌కతా–గ్వాంగ్‌జౌ ఇండిగోతో మళ్లీ మొదలయ్యాయి. తర్వాత ఢిల్లీ నుంచి కూడా. మీరు కోల్‌కతా మీదుగా వెళ్లొచ్చు. హైదరాబాద్ నుంచి హాంకాంగ్ దిగి వెస్ట్ కౌలూన్‌లో రైలెక్కితే గంట అటూ ఇటూగా గ్వాంగ్‌జౌ సౌత్. హాంకాంగ్ మీదుగా వెళ్తే మనవాళ్లు ఆన్‌లైన్‌లో ముందస్తు నమోదు చేసుకోవాలి, అది మర్చిపోవద్దు. 240 గంటల వీసా రహిత ట్రాన్సిట్ అని వీడియోల్లో చెప్తుంటారు. ఆ జాబితాలో భారత్ లేదు.

ఫోన్: గూగుల్, వాట్సాప్, జీమెయిల్, యూట్యూబ్ ఏవీ అక్కడి వైఫైలో పనిచేయవు. మన సిమ్‌కి అంతర్జాతీయ రోమింగ్ వేయించుకుంటే పనిచేస్తాయి. ఇంట్లో పెద్దవాళ్ల టెన్షన్‌కి అదే మందు. అలీపే, వీచాట్ (ఫోన్‌తోనే డబ్బు కట్టే చైనా యాప్‌లు) ఇక్కడే ఇన్‌స్టాల్ చేసి, పాస్‌పోర్టుతో వెరిఫై చేసి, వీసా లేదా మాస్టర్ కార్డు జోడించుకోండి. రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు పెట్టుకోండి, ఒకటి ఆగినా ఇంకోటి ఉంటుంది. 200 యువాన్ల లోపు చెల్లింపుకి అదనపు రుసుము లేదు, దాటితే 3 శాతం. కూరగాయల బండి ముసలమ్మ దగ్గర కూడా క్యూఆర్ కోడే. మెట్రో, టాక్సీ కూడా అలీపేలోనే అయిపోతాయి. కొంచెం నగదు కూడా ఉంచుకోండి.

తిండి: శాకాహారులకి కష్టం లేదు, కానీ అడిగే పద్ధతి తెలియాలి. "మాంసం వద్దు" అంటే ముక్కలు తీసేసి అదే రసంతో వడ్డిస్తారు. "వో చీ సూ" అనండి, నేను శాకాహారిని అని. బౌద్ధ ఆలయాల దగ్గర ఉండే శాకాహార హోటళ్లలో దేనికీ భయపడనక్కర్లేదు, మాంసం రుచి వచ్చేలా సోయాతో చేసేవి చూసి కంగారుపడకండి. చైనీస్‌లో రాసిన కార్డు ఒకటి ప్రింట్ తీసుకెళ్లండి: మాంసం, చేప, ఆయిస్టర్ సాస్, పంది కొవ్వు వద్దు, గుడ్డు సరేనో కాదో అని. షావ్‌బీ, తావ్‌జిన్ పేటల వైపు భారతీయ హోటళ్లున్నాయి. రైస్ కుక్కర్ చిన్నది, పులిహోర పొడి, కందిపొడి పెట్టుకెళ్తే పొద్దున పూట నిశ్చింత. వేడినీళ్లు రైల్వే స్టేషన్ నుంచి ఆసుపత్రి దాకా ఎక్కడైనా దొరుకుతాయి.

రోడ్డు దాటేటప్పుడు ఒక జాగ్రత్త. 2007 నుంచి నగరం మధ్యలో మోటార్ సైకిళ్లు నిషేధం. ఇప్పుడన్నీ కరెంటు బండ్లు, డెలివరీ కుర్రాళ్లు ఫుట్‌పాత్ మీద కూడా చప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చేస్తారు. మీ ఆవిడకి రాత్రి పది గంటలకి ఒంటరిగా మెట్రోలో రావాలన్నా భయం లేదు. నేను చదివిన రోజుల్లో నైట్ డ్యూటీ అయ్యాక అలాగే వచ్చేదాన్ని.

గోదారిగట్టు | ఫిబ్రవరి 24
డాక్టరు గారూ, మా ఆవిడ మీ పోస్టు రెండుసార్లు చదివింది. తను అడుగుతోంది: పని అయ్యాక ఒక్క రోజు దొరికితే ఏం చూడాలి?

డాక్టర్ శిరీష | ఫిబ్రవరి 24
పొద్దున లీవాన్ పాత పేటకి వెళ్లండి. హువాలిన్ ఆలయం ఉంది. బోధిధర్ముడు దక్షిణ భారతం నుంచి సముద్రం మీద వచ్చి దిగిన చోటు అదేనని అక్కడివాళ్ల నమ్మకం. ఆలయం చుట్టూ పచ్చరాయి మార్కెట్. చూడండి గానీ కొనకండి, అసలుదో నకిలీదో మనకి తెలియదు. అక్కణ్ణుంచి షామియన్ దీవికి నడిచి వెళ్లొచ్చు, పాత కాన్సులేట్ల భవనాలు, పెద్ద మర్రిచెట్లు. 1757 నుంచి 1842 దాకా పడమటి దేశాలవాళ్లు చైనాతో వ్యాపారం చేయాలంటే ఈ ఊరే దిక్కు. అప్పట్లో ఆ వ్యాపారం నడిపిన పదమూడు హాంగ్‌ల (వర్తక సంస్థల) పేరుతో ఇప్పటికీ అక్కడ బట్టల హోల్‌సేల్ మార్కెట్ నడుస్తోంది, తెల్లవారకముందే మూటలు కదులుతుంటాయి. సాయంత్రం హువాచెంగ్ స్క్వేర్. నది అవతల 600 మీటర్ల కాంటన్ టవర్ దీపాలు కనిపిస్తాయి. పైకెక్కడానికి టికెట్ ఎక్కువే, నన్నడిగితే కింద నుంచే బాగుంటుంది.

మిర్చియార్డు | ఫిబ్రవరి 25
పవర్ బ్యాంకు సంగతి ఎవరూ చెప్పలేదు. చైనా లోపలి విమానాల్లో 2025 జూన్ 28 నుంచి 3సీ (చైనా భద్రతా ధ్రువీకరణ) గుర్తు లేని పవర్ బ్యాంకులు తీసుకెళ్లనివ్వట్లేదు. సాయి మాట విని యీవూకి విమానంలో వెళ్తే మీ పవర్ బ్యాంకు సెక్యూరిటీ దగ్గర పోతుంది. రైల్లో వెళ్లండి. ఇంకోటి, తెలిసినవాళ్ల ఇంట్లో దిగితే 24 గంటల్లోగా పోలీసు స్టేషన్లో నమోదు చేయించుకోవాలి. హోటలైతే వాళ్లే చేస్తారు.

పెర్ల్‌నది పద్మ | ఫిబ్రవరి 25
ఇక్కడ కొత్త సంవత్సరం సెలవులు ఇప్పుడే అయ్యాయి, 17న పండగ. ఫ్యాక్టరీలు ఇంకా పూర్తిగా తెరవలేదు, కూలీలు సొంతూళ్ల నుంచి రావాలి. మార్చి వచ్చేదాకా మెయిళ్లకి జవాబు రాకపోతే కంగారుపడొద్దు. ఏప్రిల్ చివర్లో ఆర్డర్ ఇస్తే తయారీకి నెలా నెలన్నర, ఓడకి ఆ పైన. దసరా, దీపావళి అమ్మకాలకి చక్కగా అందుతుంది. ఆలస్యమైతే జరిమానా ఎంతో కాంట్రాక్టులో రాయించుకోండి.

గోదారిగట్టు | మార్చి 2
బ్రోకర్ దగ్గర కూర్చున్నాం. ఐదు రకాల్లో నాలుగు మిగిలాయి, ఒకదానికి సుంకం లెక్క వేస్తే బేగంబజార్ ధరే తక్కువ పడింది. రెండో విడతకి రిజిస్టర్ అయ్యాం, ఆహ్వాన పత్రం వచ్చింది. ఏప్రిల్ 22న దిగి మే 3న తిరుగు ప్రయాణం, కోల్‌కతా మీదుగా. వీసా ఫారం నింపుతున్నాం.

మే 1 నుంచి అక్కడ కార్మిక దినోత్సవం సెలవులంటున్నారు. ఫ్యాక్టరీలు ఆ రోజుల్లో చూపిస్తారా?

పెర్ల్‌నది పద్మ | మార్చి 2
మే 1 నుంచి చూపించరు, రైళ్లు కూడా కిటకిటలాడతాయి. 28, 29, 30 మూడు రోజులూ ఫ్యాక్టరీలకే పెట్టుకోండి. ఫెయిర్‌లో మొదటి రోజే ఎవరి దగ్గరికి ఏ రోజు వస్తారో తేల్చుకుని, అడ్రసు చైనీస్‌లో రాయించుకోండి. ఒకరోజు ఫోషాన్, ఒకరోజు షుండే. మూడో రోజు ఖాళీగా ఉంచండి, నచ్చిన ఫ్యాక్టరీకి రెండోసారి వెళ్లాలనిపిస్తుంది.

బేగంబజార్ సాయి | మార్చి 2
అన్నా, తెల్ల షెల్ఫులు వస్తే నాకు యాభై పీసులు ఉంచు. రేటు మాత్రం ఫోన్‌లో మాట్లాడుకుందాం.